చట్రం మీది అంకెలు: దొర్నిపాడులో ఒక జీపు చరిత్ర

మా సీమలో పాత బండికి సాధారణంగా మూడు పుట్టినతేదీలుంటాయి. ఒకటి యజమాని నోట వినిపించేది. రెండవది ఆర్సీ పుస్తకంలో ఏ గుమాస్తాయో నీలిసిరాతో వ్రాసినది. మూడవది చట్రపు ఇనుము మీద గుద్దబడి, మట్టి క్రింద, గ్రీజు క్రింద, నాలుగు పొరల రంగు క్రింద అణగివున్నది. ఈ మూడూ ఒక్కమాట మీద నిలిచిన బండిని నేనింతవరకూ చూడలేదు. మొదటి తేదీకి ఊళ్ళో గౌరవం దక్కుతుంది, రెండవదానికి చట్టబలం దక్కుతుంది. మూడవదానిని చదివేవారు మాత్రం అరుదు. గుడి గోడ మీది శాసనాన్ని పోల్చుకోవడానికి లిపి తెలిసి ఉండాలి కదా, ఇదీ అటువంటిదే. కాకపోతే ఈ శాసనాల వయస్సు వందేళ్ళకు అటూ ఇటూ, వాటిని చెక్కించినవారు రాజులు కారు, కర్మాగారాలవారు.

దొర్నిపాడు ఆళ్ళగడ్డకూ కోవెలకుంట్లకూ నడుమనున్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా, ఆ తరువాత నంద్యాల జిల్లా. కుందూనది ప్రాంతపు నల్లరేగడి నేల. ఎండాకాలంలో నెర్రెలిచ్చి నోరు తెరుచుకునే ఈ నేలే నాలుగు చినుకులు పడగానే చక్రాలకు సంకెళ్ళు వేస్తుంది. ఎద్దులబండి సైతం కదలని బాటలో నాలుగు చక్రాలకూ బలమందే జీపు ముక్కుతూ మూల్గుతూ అయినా పోతుంది. సీమలో జీపు అనగానే సినిమావాళ్ళకు వేటకొడవళ్ళు గుర్తుకొస్తాయి గాని, మా వాళ్ళకు గుర్తుకొచ్చేవి విత్తనాల మూటలు, కాన్పుకు పోయే ఆడవాళ్ళు, జమ్మలమడుగు ఆసుపత్రీను.

నేను వ్రాయబోతున్న జీపు మా పెద్దనాయనది. ఆయన తండ్రి కొన్నది. ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటే: "ఇది మిల్ట్రీ బండి. యుద్దంలో తిరిగిన విల్లీసు. ఏలంలో పట్టినాం." ఆర్సీ పుస్తకం మాత్రం "విల్లీస్ జీపు, మోడల్ 1951" అంటుంది. యుద్ధం 1945లోనే ముగిసింది కనుక ఈ రెండు మాటలూ కలిసి నిజం కావడానికి వీలులేదు. ఇన్నేళ్ళూ ఆ వైరుధ్యం ఎవరినీ బాధించలేదు. నగరం నుండి పాత వాహనాలు కొనే ఒకాయన వచ్చి, యుద్ధకాలపు విల్లీస్ అని తేలితే ఒక ధర, 1951 నాటి పౌర జీపు అయితే మరొక ధర అనడంతో ఇంట్లో అందరికీ చరిత్ర మీద ఆసక్తి కలిగింది. రెండు ధరల మధ్య తేడా ఒక ఎకరా మెట్టభూమి వెల. తేల్చే పని నా మెడకు పడింది.

ముందుగా ఛాసిస్ నంబరు అనేదేమిటో, అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో చూడాలి. తొలినాళ్ళలో మోటారుకారు రెండు చేతుల పని. చట్రం, ఇంజను, ఇరుసులు, చక్రాలు ఒక కంపెనీవి. పైన కూర్చునే గది మరొకరిది. అంతకుముందు గుర్రపుబగ్గీలు చేసినవారే చాలామటుకు ఆ పని చేసేవారు. గదిని మార్చవచ్చు, రంగు మార్చవచ్చు, ఇంజను సైతం మార్చవచ్చు. చట్రాన్ని మారిస్తే మిగిలేది మరో బండి. అందుకే కంపెనీవాడు వరుససంఖ్యను చట్రానికి ఇచ్చాడు. రాష్ట్రం మారితే రిజిస్ట్రేషన్ నంబరు మారవచ్చు, ఛాసిస్ నంబరు మారదు. ఈ రోజుల్లో ప్రతి కారుకూ ఉండే పదిహేడు అక్షరాల సంఖ్య ఆ వంశంలోదే. అందులో ఒకటితోనూ సున్నతోనూ పొరబడతారని ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అమెరికాలో 1981 మోడళ్ళ నుండి ఆ పద్ధతి స్థిరపడింది. అంతకు ముందు ఏ కంపెనీ గోల ఆ కంపెనీది.

మన రాష్ట్రాల్లో ఈ విషయానికి పేరెన్నికగన్న ఉదాహరణ హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో ఉన్న నిజాముగారి సింహాసన కారు. అది రోల్స్ రాయిస్ 40/50 అశ్వశక్తి బండి. లోకం 'సిల్వర్ గోస్ట్' అని పిలిచే జాతి. ఆ పేరు మొదట ఒకే ఒక్క కారుది: 1907లో వెండిరంగు పూసి ప్రదర్శనకోసం తయారుచేసిన 60551 సంఖ్య గల చట్రానిది. తరువాత జనం ఆ పేరును జాతి మొత్తానికీ పెట్టేశారు. 1926 వరకూ ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కలిపి 7,874 చట్రాలు తయారయ్యాయి. మొదట్లో ఐదంకెల సంఖ్యలుండేవి. తరువాత నాలుగంకెలయ్యాయి. 1911లో లండన్ నుండి ఎడింబరోకు గేరు మార్చకుండా నడిపి పేరుతెచ్చుకున్న కారు సంఖ్య 1701. ఆపైన అంకెల వెంట అక్షరాలు చేరాయి. అంటే అంకెల అమరిక చూసినంతమాత్రాన, పుస్తకం తెరవకముందే, తెలిసినవాడు బండి ఇంచుమించు ఏ కాలానిదో చెప్పగలడు. రాతి మీది అక్షరాల వంపును బట్టి శాసనం ఏ శతాబ్దానిదో ఊహించడం వంటిదే ఇదీ.

నిజాముగారి కారును ఒక చోట 1911 నాటిదని వ్రాస్తారు, మరొక చోట 1912 నాటిదని వ్రాస్తారు. ఎవరో తప్పు వ్రాశారని తొందరపడనక్కరలేదు. దానిని కోరి చేయించినవాడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్. ఆయన 1911 ఆగస్టు 29న గతించాడు. కారు చేరింది కొడుకు ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలోకి. చట్రం డెర్బీలోని రోల్స్ రాయిస్ కర్మాగారంలో పుట్టింది. దానిపై దేహాన్ని కట్టింది లండనులోని బార్కర్ కంపెనీ. ఎత్తుగా అమర్చిన సింహాసనం వంటి ఆసనం, గుమ్మటాన్ని తలపించే పైకప్పు, ఆసఫ్‌జాహీల పసుపురంగు, ఇవన్నీ బార్కరువారి పని. ఆజ్ఞ ఇచ్చిన రోజు, చట్రం తయారైన రోజు, దేహం పూర్తయిన రోజు, ఓడ దిగిన రోజు వేర్వేరు. వీటిలో దేనిని పుట్టినరోజనాలో తేల్చుకోకుండా సంవత్సరం గురించి వాదించుకోవడం వృథా. చట్రం సంఖ్య పలికేది మొదటి జన్మను మాత్రమే, రెండవ జన్మను చెప్పాల్సింది దేహం కట్టినవారి చిట్టా.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉన్నది. సంఖ్య తనంత తాను ఏమీ చెప్పదు. ఆ కొసన ఒక ఖాతాపుస్తకం ఉంటేనే ఈ కొసన అంకెలకు నోరు వస్తుంది. రోల్స్ రాయిస్ వారు ప్రతి చట్రానికీ విడిగా పత్రాలు వ్రాసిపెట్టారు. ఎవరు కొన్నారు, ఎవరు దేహం కట్టారు, ఏ రోజున పరీక్షించారు, ఎక్కడికి పంపారు, అంతా. ఆ పత్రాలు ఇప్పటికీ ఇంగ్లండులో ఆ కార్ల అభిమానుల సంఘం వద్ద భద్రంగా ఉన్నాయి. అందువల్లే వందేళ్ళ తరువాత ఏ సంస్థానపు కొట్టంలోనో తుప్పుపట్టి దొరికిన చట్రానికి సైతం గోత్రనామాలు చెప్పగలుగుతున్నారు.

అన్నట్లు, రోల్స్ రాయిస్ అనగానే మనవారు తప్పక చెప్పే కథ ఒకటుంది. లండను దుకాణంలో అవమానం పొందిన మహారాజు కోపంతో కార్లన్నీ కొనుక్కొచ్చి చెత్త ఎత్తే బండ్లుగా వాడాడని. చెప్పేవాడిని బట్టి ఆ రాజు ఆళ్వారువాడు, ఒకప్పుడు పటియాలావాడు, భరత్‌పూర్‌వాడు. మన తెలుగువారు చెబితే నిజామే. కథ పసందుగానే ఉన్నది. నాకు మాత్రం ఒకటే సందేహం. ఇన్ని నోళ్ళలో నలిగిన ఈ కథలో ఒక్క ఛాసిస్ నంబరైనా ఎవరూ ఉదహరించగా నేను చూడలేదు. సంఖ్య లేని కారు కథల్లో మాత్రమే నడుస్తుంది.

రాజుల కార్ల సంగతి అలా ఉండగా, మా పల్లె జీపుది వేరే కులం. సింహాసన కారు ఒక్కటే ఒక్కటి. జీపులు లక్షలు. ఒకదానికి ఒకటి అచ్చు కవల. అటువంటప్పుడు ఒక జీపును మరొకదాని నుండి వేరుచేసి చూపేది నిజంగా అంకె ఒక్కటే.

అమెరికా సైన్యం కోసం ఈ బండిని అసంఖ్యాకంగా చేసినవారు ఒహాయో రాష్ట్రం టొలీడోలోని విల్లీస్ ఓవర్లాండ్ వారు. ఒక్క కంపెనీ చాలదని 1941 చివరలో అదే నమూనాతో చేయమని ఫోర్డు వారికీ ఒప్పందం ఇచ్చారు. విల్లీస్ వారిది ఎంబీ, ఫోర్డు వారిది జీపీడబ్ల్యూ. ఆ చివరి డబ్ల్యూ అక్షరమే విల్లీస్ నమూనా అని ఒప్పుకోలు. యుద్ధం ముగిసేనాటికి విల్లీస్ వారు సుమారు 3,60,000, ఫోర్డు వారు సుమారు 2,78,000 జీపులు చేశారు. ఒకదాని భాగం మరొకదానికి సరిపోవాలన్నది సైన్యం షరతు. మొదటి పాతికవేల చిల్లర విల్లీస్ జీపులకు ముందు జాలీ ఇనుప పట్టీలతో అతికినది. ఫోర్డు వారు రేకులో తొమ్మిది నిలువు గాళ్ళు గుద్ది చవకగా చేశారు. అది చూసి విల్లీస్ వారూ దానినే అనుకరించారు. ఈనాడు జీపు ముఖమని మనమంతా గుర్తించేది ఆ విధంగా ఫోర్డు సొత్తు. మొదట్లో ఇద్దరూ తమ పేరును బండి వెనుక రేకు మీద గుద్దుకునేవారు. సైన్యం వద్దనడంతో 1942లోనే మానేశారు. 1944 నుండి ఇద్దరికీ పైతొట్టి ఒకే కంపెనీ, అమెరికన్ సెంట్రల్ వారు, చేసిపెట్టారు. కాబట్టి తొట్టిని చూసి ఎవరిదో చెప్పబోతే బోల్తా పడటం ఖాయం.

అయితే కవలపిల్లలకు కూడా తల్లి మాత్రమే ఎరిగిన పుట్టుమచ్చలుంటాయి. రేడియేటరు దిగువన రెండు చట్రపు కమ్ములనూ కలిపే అడ్డకమ్మీ విల్లీస్‌లో గుండ్రటి గొట్టం. ఫోర్డులో బోర్లించిన తొట్టె ఆకారం. హెన్రీ ఫోర్డు కంపెనీవారికి తమ సరుకు మీద ఎంత మమకారమంటే, బోల్టు తలల మీద సైతం ఎఫ్ అక్షరం వేసేవారు. ఇక సంఖ్య. విల్లీస్ వారు చిన్న రేకు మీద సంఖ్య వేసి, ఎడమ చట్రపు కొమ్ముకు లోపలివైపున, బంపరు వెనుక రివెట్లతో బిగించారు. ఫోర్డు వారు ఎడమ కమ్మీ పైభాగాన, ముందువైపు, ఇనుములోనే గుద్దారు. రేకు ఊడిపోతుంది, ఊడదీయవచ్చు, కొత్తది బిగించవచ్చు. ఇనుములో గుద్దినది అంత తేలికగా చెరగదు. మరొక భేదం అన్నింటికన్నా విలువైనది. విల్లీస్ వారి బండిలో ఇంజను సంఖ్య వేరు, చట్రం సంఖ్య వేరు. ఫోర్డు వారి బండి కర్మాగారం దాటేటప్పుడు రెండింటి మీదా ఒకే సంఖ్య ఉండేది. పాఠకులు ఈ ఒక్క ముక్కను గుర్తుంచుకోవాలి, ముందు దీనితో పనిపడుతుంది.

యుద్ధం ముగిశాక అమెరికావారు చైనా, బర్మా, ఇండియా రంగంలో వాడిన సామగ్రిలో చాలా భాగం ఇక్కడే వదిలి వెళ్ళారు. 1946లో భారత ప్రభుత్వం దానిని కొని, డిస్పోజల్స్ శాఖ ద్వారా వేలం వేసింది. గుడారాలు, బూట్లు, నీళ్ళసీసాలు మొదలు లారీల దాకా జనంలోకి వచ్చిపడ్డాయి. మా ఇంట్లో 'ఏలంలో పట్టినాం' అనే మాటకు మూలం ఇదే.

పాత జీపును కొత్తదాని క్రింద చలామణీ చేయడం చిన్న దళారుల పని మాత్రమే అనుకోకండి. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా పేరుపడినదే జీపుల వ్యవహారం. 1948లో లండనులో మన హైకమిషనరుగా ఉన్న వి.కె.కృష్ణమీనన్ సైన్యానికి జీపుల కోసం 80 లక్షల రూపాయల ఒప్పందం చేసుకున్నాడు. చేరినవి 155. అవి వాడుకకు పనికిరావని తేలింది. న్యాయవిచారణ జరగాలన్న సంఘానికి అధ్యక్షుడు మన తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రభుత్వం మాత్రం 1955 సెప్టెంబరు 30న ఈ వ్యవహారం ముగిసినట్లేనని ప్రకటించింది. కృష్ణమీనన్ 1956లో కేంద్ర మంత్రి అయ్యాడు. అంత పెద్దవారే జీపుల వయస్సు దగ్గర తడబడితే, కర్నూలు కచేరీలో గుమాస్తాను ఏమని నిందించగలం?

ఇంతలో బొంబాయిలో మరొక పాయ మొదలైంది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా పుట్టిన కంపెనీ దేశవిభజన తరువాత మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ మహమ్మద్, అంటే మాలిక్ గులాం మహమ్మద్, పాకిస్తానుకు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు, పిదప గవర్నర్ జనరల్ అయ్యాడు. ఈ కంపెనీ 1947 నుండి విడిభాగాలుగా వచ్చిన విల్లీస్ జీపులను మజగావ్‌లో బిగించి అమ్మసాగింది. ఇవి యుద్ధపు జీపులు కావు, సీజే అనే పౌర జాతి. 1945లో సీజే-2ఏ సంఖ్యలు 10001 నుండి మొదలయ్యాయి. 1949 నుండి 1953 దాకా సీజే-3ఏ. 1953లో బానెట్టు ఎత్తు పెరిగిన సీజే-3బీ వచ్చింది. దాని తొలి సంఖ్యలు '453-జీబీ2' అని మొదలయ్యేవి. అందులో 4 అంటే నాలుగు సిలిండర్లు, 53 అంటే ఏడాది. అమెరికా మరిచిపోయిన ఆ ఎత్తు బానెట్టునే మన దేశం దశాబ్దాల తరబడి మోసింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై బ్లాకులు వచ్చాక, పల్లెజనానికి ప్రభుత్వమంటే బ్లాకు జీపే.

ఈ వివరాలతో చూస్తే, ఆర్సీ మాట నిజమై 1951 నాటి విల్లీస్ అయ్యుంటే మా బండి సీజే-3ఏ కావాలి. ఇంటి మాట నిజమైతే ఎంబీ కావాలి. జాలీ చూద్దామా అంటే తొమ్మిది గాళ్ళున్నాయి గాని, అది ఎప్పుడో మార్చిన రేకని పెద్దనాయనే చెప్పాడు. తొట్టి తుప్పుపట్టి పోతే కొత్తది వేయించారు. హర్యానాలోని డబ్వాలీ వంటి చోట్ల జీపుల తొట్లు వంటపాత్రల వలె వరుసగా దొరుకుతాయి. అమెరికా సైన్యం తన జీపుల బానెట్టు మీద 20 అంకెతో మొదలయ్యే సంఖ్య వ్రాసేది. రంగుపొరలు గీకితే ఒక్కోసారి అది బయటపడుతుంది. మా బండి బానెట్టే పాతది కాదు, గీకి లాభంలేదు. ఇంజనుకు పెట్రోలు పోయలేక 1980లలో డీజిలు ఇంజను వేయించారు. పాత ఇంజను ఆళ్ళగడ్డలో తుక్కు క్రింద పోయింది. మిగిలింది చట్రమూ, ఆర్సీ పుస్తకమూ.

నేను ముందు పుస్తకం తెరిచాను. చెదలు తిన్న అంచులు, మద్రాసు రాష్ట్రపు ముద్ర. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, గుడారాల్లో కచేరీలు నడపకముందు మేము మద్రాసువాళ్ళమే గదా. తయారైన సంవత్సరం అన్నచోట 1951. పౌర రిజిస్ట్రేషను తేదీ కూడా 1951. వేలపు సరుకుకు తయారీ పత్రాలుండవు. అమ్మకపు రసీదు మాత్రమే ఉంటుంది. రసీదు మీది ఏడాదే తయారీ ఏడాదిగా పుస్తకంలో కుదురుకున్నదని అర్థం చేసుకోవడానికి ఎక్కువ ఆలోచన అక్కరలేదు. వేలపు బండ్ల పుస్తకాలలో ఇది ఆశ్చర్యపడాల్సిన సంగతి కాదు.

ఆశ్చర్యం దాని క్రింది గళ్ళలో ఉన్నది. ఛాసిస్ నంబరు గడిలో ఆరంకెల సంఖ్య. ఇంజను నంబరు గడిలో మొదట వ్రాసిన సంఖ్యను అడ్డంగా కొట్టివేసి, డీజిలు ఇంజను సంఖ్య ఎర్రసిరాతో వ్రాశారు. కొట్టివేసిన గీత క్రింద అసలు అంకెలు స్పష్టంగా కనబడుతున్నాయి. అవి ఛాసిస్ గడిలోని ఆరంకెలే. వెంట ఉన్న మెకానిక్ నవ్వాడు. "చూసినావాన్నా, ఆ కాలం గుమాస్తా నిద్రమత్తులో ఒకే నంబరు రెండుసార్లు రాసినాడు" అన్నాడు. ఇంటివారు కూడా ఇన్నేళ్ళూ అలానే అనుకున్నారట. ఇంజను మార్పించినప్పుడు ఏజెంటు దానిని పాత పొరపాటు అని తేల్చి, వివరణ కింద ఒక ఐదు రూపాయలు అదనంగా పుచ్చుకున్నాడని పెద్దనాయన జ్ఞాపకం.

గుమాస్తా నిద్రపోలేదు. బండి మీద ఉన్నది ఉన్నట్లు వ్రాశాడు. రెండుచోట్లా ఒకే సంఖ్య ఉండటం ఫోర్డు లక్షణమని పైన చెప్పుకున్నాము. పైగా దీనివల్ల మరొక సంగతీ తెలుస్తున్నది. సైనిక వర్క్‌షాపులలో జీపు ఇంజన్లు ధారాళంగా మార్చేవారు. అలా మార్చిన వాటిలో రెండు సంఖ్యలూ కలవవు. 1951లో కలిశాయంటే ఈ బండి పుట్టినప్పటి గుండెతోనే సైన్యం నుండి బయటపడి మా ఊరు చేరిందన్నమాట. తప్పని కొట్టివేయబడిన ఆ గీత క్రింది ఆరంకెలే మా దగ్గరున్న అత్యంత విలువైన ఆధారం.

ఆపైన చట్రం. కిరసనాయిలు గుడ్డ, ఇనుపతీగెల బ్రష్షు, గరుకు కాగితం, పెన్సిలు, పలుచని తెల్లకాగితం. ఇంతకన్న సామగ్రి అక్కరలేదు. ఎడమ కమ్మీ పైన, ముందరి షాకబ్జారు దగ్గరి చోటు మెకానిక్కులకు తెలియనిది కాదు. పేరుమార్పిడి జరిగినప్పుడల్లా అక్కడే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి కచేరీకి ఇచ్చారు. కాని పుస్తకంలో ఉన్నవి అంకెలే కనుక అంకెల మేరకే రుద్దేవారు. వాటికి ఎడమన ఉన్న జానెడు చోటు ఎవరికీ అక్కరలేకపోయింది. గంటన్నర రుద్దాక మట్టితో కలిసి రాయిలా గట్టిపడిన గ్రీజు లేచింది. మొదట ఒక చుక్క గుర్తు. తరువాత జీ. తరువాత పీ. డబ్ల్యూ సగం అరిగింది గాని పెన్సిలుకు దొరికింది. ఆ వెంట మా ఆరంకెలు. చేతిదీపం పెట్టి ముందరి అడ్డకమ్మీ తడిమితే గుండ్రం కాదు, బోర్లించిన తొట్టె. కమాను కట్ట దగ్గర మిగిలిన రెండు పాత బోల్టుల తలల మీద ఎఫ్.

సంఖ్య పూర్తిగా ఇక్కడ ఇవ్వను. అసలు సంఖ్యలను ఏరుకుని నకిలీ చట్రాల మీద గుద్దేవారున్నారు. 13తో మొదలవుతుందని మాత్రం చెప్పగలను. ఫోర్డు వరుసలో అది 1943వ సంవత్సరపు సంఖ్య. అంటే ఇంటి మాటలో 'యుద్దపు బండి' నిజం, 'విల్లీసు' నిజం కాదు. ఆర్సీలో అంకెలు నిజం, పేరూ ఏడాదీ నిజం కాదు. మనదేశంలో చిన్న జీపులన్నింటినీ విల్లీస్ అనడం వాడుక. డాల్డా, జిరాక్స్ లాంటిదే.

ఈ సంగతి కొనవచ్చినాయనకు చెప్పగానే ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. ఫోర్డు జీపు తక్కువదని కాదు. ఆయన వెనుకనున్న కొనుగోలుదారుకు విల్లీసే కావాలట. సర్దుబాటు మార్గం కూడా ఆయనే చెప్పాడు. "పెద్దాయనా, రేకు ఒకటి చేయిస్తే సరిపాయె. ఎంబీ నంబరుతో కొత్త ప్లేటు దొరుకుతాది, పాతదాని మాదిరే ఉంటాది. కొమ్ముకు రెండు రివెట్లు కొడితే ఎవడు చూస్తాడు? ఆ గుద్దిన నంబరు మీద పట్టీ వెల్డింగు చేయిద్దాం." పాత జీపులకు పునరుద్ధరణ కోసం అసలును పోలిన రేకులు తయారు చేసి అమ్మడం వాస్తవమే. అసలు రేకు పోయిన బండికి పెట్టుకోవడం ఒక ముచ్చట. అసలు సంఖ్యను కప్పి పెట్టడం నేరం. అధికారి అనుమతి లేనిదే ఛాసిస్ సంఖ్యను ముట్టుకోకూడదు. నేను ఆ మాట అనేలోపే పెద్దనాయన అన్నాడు: "మా నాయన పట్టిన బండికి వేరేవాని పేరు పెట్టమంటావా సామీ? ఎకరా పోతే పోనీలే." ఆయన తండ్రి కూడా వేరేవాని పేరుతోనే పిలిచాడని నేను గుర్తుచేయలేదు.

మిగిలిన దారి ప్రభుత్వపు వింటేజ్ రిజిస్ట్రేషను. 2021 జులైలో కేంద్ర రవాణాశాఖ ఇచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక వరుస ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, పునరుద్ధరణకు 5,000. మొదటినుండి ఉన్న పాత నంబరును కూడా ఉంచుకోవచ్చు. అయితే చట్రంలో గాని, పైదేహంలో గాని, ఇంజనులో గాని చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. మా బండికి డీజిలు ఇంజను, డబ్వాలీ తరహా తొట్టి. అసలు ఇంజను వంటిది వెదికి తెచ్చి బిగించినా సంఖ్య కలవదు. ఇంకొక నియమం పెద్దనాయనకు అసలు మింగుడుపడలేదు. అలా నమోదైన వాహనాన్ని నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, ఇంధనానికీ, మరమ్మతుకూ మాత్రమే బయటికి తీయాలి.

"శెనగ చేనికి దేంట్లో పోవల్ల?" అని అడిగాడాయన.

ఆర్సీలో పేరూ ఏడాదీ సవరించమని అర్జీ తయారైంది. పెన్సిలు అచ్చు రెండు ప్రతులు తీశాము. ఈసారి ఎడమవైపు జానెడు చోటునూ కలుపుకుని. ఒకటి అర్జీకి అంటించాము. రెండవదానిని పెద్దనాయన జమాఖర్చుల పుస్తకంలో, తన తండ్రి వేలపు సొమ్ము వ్రాసుకున్న పుట ఎదురుగా, మెతుకులతో అతికించాడు. ఆ పుటలో 'మిల్ట్రీ జీపు' అని మాత్రమే ఉన్నది. విల్లీస్ అని లేదు.